గేలరీకి తోడు

బాంబూఫ్లాట్,
జూన్ 12

రాజీకి,

ఫోనులో నువ్వు "హలో, హలో" అంటావు, నేను "వినిపిస్తోందా" అంటాను, ఈలోగా లైను తెగిపోతుంది. ఈ మధ్య మనం మాట్లాడుకున్నది ఆ రెండు ముక్కలే. క్యాంప్‌బెల్ బేలో టవరు ముందు బాగుపడుతుందో, నీకు బదిలీయే ముందు వస్తుందో దేవుడికే తెలియాలి. అందుకే కాగితం పట్టుకున్నాను. ఓడ ఎప్పుడొస్తే అప్పుడే చేరుతుంది గాని, చెప్పింది మొత్తం చేరుతుంది.

ఇక్కడ పెద్ద గొడవే వచ్చింది. మన హాకీ గ్రౌండులో చెక్క గేలరీ పలక విరిగింది. కూతురి ప్రాక్టీసు చూద్దామని వచ్చిన బేబీరాణి కాలు అందులోంచి మోకాలు దాకా దిగిపోయింది. కూతురంటే దుర్గే, మన ఆడపిల్లల టీము కెప్టెన్. ఆవిడని నలుగురు పట్టి లాగితే గాని కాలు పైకి రాలేదు. పాదం ఎముక చిట్లింది. కట్టు వేయించుకుని వస్తూ కూడా ఆవిడ నవ్వుతూనే ఉంది. ఆ నవ్వు చూసి నాకు సిగ్గేసింది. ఆ గేలరీ కట్టించిన వాళ్ళ ఇంటి కోడలిని కదా.

మర్నాడే గేలరీ చుట్టూ తాడు కట్టి, ఎవరూ ఎక్కొద్దని బోర్డు పెట్టారు. ఆ తర్వాత పోర్ట్‌బ్లెయిర్ నుంచి ఆఫీసర్లు ఫెర్రీ దిగి వచ్చారు. రెండు దారులున్నాయన్నారు. ఒకటి, పాత గేలరీకి మరమ్మతు. అప్పుడు గ్రౌండు ఇప్పుడున్నట్టే ఉంటుంది, వాన పడితే బురద, లేకపోతే దుమ్ము. రెండోది, గేలరీ తీసేసి గ్రౌండంతా టర్ఫ్ పరచడం. టర్ఫ్ అంటే నేల మీద వేసే పచ్చటి ప్లాస్టిక్ గడ్డి, పెద్ద పోటీలన్నీ దాని మీదే ఆడతారట. ఒక పక్క రోడ్డు, ఇంకో పక్క కాలువ. గేలరీ ఉన్న జాగా కలిస్తే గాని టర్ఫ్ పట్టదు. రోడ్డు పక్క సన్నగా సిమెంటు మెట్లు కట్టిస్తారట. ఏది కావాలో క్లబ్బు వాళ్ళే చెప్పాలన్నారు.

క్లబ్బు అంటే ఇప్పుడు సుభాషే. అబర్డీన్ బజారులో హార్డువేర్ షాపు ధనరాజు గారి అబ్బాయి. వాడు మొన్న ఇంటికొచ్చి మీ అన్నయ్య కాళ్ళ దగ్గర కూచున్నాడు. "చాచా, క్లబ్బులో అందరికంటే సీనియర్ మీరే. గేలరీ మీ నాన్నగారిది. మీరేం బోల్తే అదే ఫైనల్," అన్నాడు. మీ అన్నయ్య ఏమన్నాడో నేను చెప్పక్కర్లేదు. "చూద్దాం," అన్నాడు. రోజూ గ్రౌండులో చూసిన పిల్లనే పెళ్ళిచూపులకి వచ్చి, కాఫీ తాగి, "చూద్దాం" అని వెళ్ళిన మనిషి. ఇప్పుడు మారతాడా.

నీ మాట కూడా రాయి. మామయ్య కూతురివి.

వదిన సుందరి

---

క్యాంప్‌బెల్ బే,
జూలై 3

వదినా,

నీ చేతిరాత చూసి ఇక్కడి పోస్టుమాస్టరు మందుల చీటీ అనుకున్నాడు. చుట్టూ పంజాబీ ఇళ్ళు, బళ్ళో హిందీ. తెలుగు అక్షరం కనిపించేసరికి అలాంటి రాత కూడా ముత్యాల్లా అనిపించింది. నీకు ఇంతకంటే పొగడ్త నా నుంచి ఎప్పుడూ రాదు, దాచుకో.

నా మాట అడిగావు. మరమ్మతు చెయ్యండి. అంతే.

కాలికి ముల్లు గుచ్చుకుంటే ముల్లు తీస్తాం గాని కాలు తీయం. విరిగిన పలక తీసి కొత్త పలక వెయ్యండి. బేబీరాణి దెబ్బ విని నాకూ బాధగానే ఉంది. కానీ ఆ గేలరీ వయసెంతో, దాన్ని ఎన్నేళ్ళుగా ఎవరూ పట్టించుకోలేదో కూడా చూడాలి. పెద్ద భూకంపానికి ఒక పక్కకి ఒరిగితే, కింద రాయి పెట్టి వదిలేశారు.

నాన్న కళింగపట్నం దగ్గర నుంచి కర్రల మిల్లులో పనికి వచ్చాడు. పెదబాబు అంటే మిల్లులో అందరికీ తెలుసు. తోటి వాళ్ళని పోగేసి, సెలవు రోజుల్లో, మిల్లు వాళ్ళు వద్దన్న పడాక్ చెక్కతో ఆ గేలరీ నిలబెట్టాడు. అది ఊళ్ళో అందరికీ తెలిసిన కథ. నీకు, నాకు తెలిసింది ఇంకొకటుంది. మనం స్కర్టులు వేసుకుని మొదటిసారి గ్రౌండులో దిగినప్పుడు ఈలలు వేశారు, గుర్తుందా? ఆ వారమే నాన్న కింది వరసకి ఆనుకునే చెక్కలు బిగించాడు. "తల్లులు కూకుంటే కూతుళ్ళని ఎవడూ ఏటీ అనడు," అన్నాడు. మీ అమ్మ సింహాచలమ్మ గారు మొదట కూచుంది. ఆవిడ కూచున్నాక ఈల వేసే మగాడు కనబడలేదు.

వదినా, మెయిన్‌లాండు వాళ్ళకి చూపించుకోవడానికి కోటలున్నాయి, గోపురాలున్నాయి. ఇక్కడికొచ్చిన టూరిస్టుకి జైలు చూపిస్తారు. అది తెల్లవాళ్ళు కట్టింది. మన వాళ్ళు ఈ దీవుల్లో ఏం కట్టారయ్యా అంటే నేను చెయ్యి చాపి చూపించగలిగింది ఆ గేలరీ ఒక్కటే. సునామీ నీళ్ళకి ఇంట్లో ఫోటోలన్నీ నానిపోయాయి. నాన్న మొహం గుర్తు చేసుకోవాలంటే, ఆ గేలరీ మీద గొడుగు పట్టుకుని నిలబడ్డట్టే గుర్తొస్తాడు నాకు. అది కూడా తీసేస్తే ఆయన ఎక్కడ నిలబడాలి?

అన్నయ్యతో చెప్పు. "చూద్దాం" అనొద్దను. మరమ్మతు అనమను.

రాజకుమారి

---

బాంబూఫ్లాట్,
జూలై 28

రాజీ,

నీ ఉత్తరం మీ అన్నయ్య చెవి దగ్గర నోరు పెట్టి చదివాను. బోటు ఇంజను పక్కన ఉద్యోగం చేసి చేసి ఆ చెవులు ఇంక దేనికీ పనికి రాకుండా పోయాయి. అంతా విని, కళ్ళజోడు తుడుచుకుని, వీధిలోకి వెళ్ళిపోయాడు.

నువ్వు గోల్‌కీపర్‌వి. ఏదొచ్చినా ఆపాలనే చూస్తావు. నేను ముందు వరసలో ఆడిన దాన్ని, బంతి ముందుకి పోతే బాగుండనిపిస్తుంది. ఆట మానేసి ఎన్నేళ్ళయినా బుద్ధులు పోలేదు మనకి.

మరమ్మతు సంగతి సుభాష్ కనుక్కున్నాడు. ఒక పలక మార్చడానికి విప్పితే పక్క పలకకి చెద. దాని కింద దూలానికి చెద. పడాక్ ఇదివరకట్లా దొరకదు, అడివి కొట్టనివ్వరు. ఇనప గొట్టాలు పెట్టి, ప్లైవుడ్డు వేసి, రంగు పూయాలట. అంతా మార్చాక మామయ్య చేత్తో బిగించిన చెక్క అందులో ఎంతుంటుంది? కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు అవుతుందేమోనని నా భయం.

ఇంకో సంగతి. దుర్గ వాళ్ళు పోటీలకి మెయిన్‌లాండు వెళ్ళొచ్చారు. మొదటి ఆటలోనే ఓడిపోయి, తొమ్మిది గోల్స్ తిన్నారు. దుర్గ ఇంటికొచ్చి మీ అన్నయ్య ముందు నేల మీద కూలబడింది. ఆయనే కదా దానికి స్టిక్కు పట్టుకోవడం నేర్పింది. "తాతా, ఆ టర్ఫ్ మీద బాల్ రుకతానే లేదు, ఆగదే. మాకు ఆట రాక కాదు తాతా, పరిగెత్తడం రాలేదు. వాళ్ళు హసే హమారే ఊపర్, నవ్వారు తాతా," అని ఏడ్చింది. గట్టిగానే చెప్పింది. మీ అన్నయ్య వినబడనట్టు వేరే వైపు చూస్తూ కూచున్నాడు. చెవుడు కూడా అప్పుడప్పుడు బాగానే అక్కరకొస్తుంది.

వచ్చే ఏడు పోటీలయ్యాక పెద్ద పిల్లలకి వయసు దాటిపోతుంది. వయసు దాటితే ఆ పోటీలకి పనికిరారు. దుర్గకి అదే ఆఖరి అవకాశం. అటు మామయ్య, ఇటు ఈ పిల్ల. మీ అన్నయ్యకి అన్నం సయించడం లేదు. నిద్రలో కూడా పక్క మీద లేచి కూచుంటున్నాడు. నా మనసేమిటని అడుగుతావు. ప్రస్తుతానికి గోడమీద పిల్లిని.

ఆగస్టు ఆఖరున గ్రౌండులోనే మీటింగు. ఆఫీసర్లు వస్తారు. మీ అన్నయ్య చెప్పిందే రాసుకుని వెళ్తారు.

సుందరి

---

బాంబూఫ్లాట్,
సెప్టెంబరు 2

రాజీ,

మీటింగు అయింది. మీ అన్నయ్య మాట్లాడాడు. బాగా చప్పట్లు కొట్టారు.

షామియానా వేశారు. వాన కూడా ఆగింది. సమోసాలు అబర్డీన్ బజారు నుంచి తెప్పించారు, ఫెర్రీలో చల్లారిపోయినా బాగున్నాయి. లోపల బఠాణీ, జీడిపప్పు. టీ మాత్రం నీళ్ళలా ఉంది. కనకలక్ష్మి తన కోడలిని తీసుకొచ్చింది, పిల్ల బాగుంది, చామనఛాయ.

మీ అన్నయ్య ఇంటికొచ్చి కడుపు నిండా తిని పడుకున్నాడు. మిగతాది తీరిగ్గా రాస్తాను.

సుందరి

---

క్యాంప్‌బెల్ బే,
సెప్టెంబరు 25

వదినా,

సమోసాల్లో జీడిపప్పు గురించి రాసినప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

నిన్న ఓడ వచ్చింది. దాని మీద పనిచేసే నాగబాబు మన ఊరి వాడేగా, చేపలు కొనడానికి వెళ్తే కనబడ్డాడు. "దీదీ, గేలరీ పోతోంది గదా. మీ అన్న ఖుద్ మైకులో బోల్ దియా, తోడో అని. నేనక్కడే ఉన్నా," అన్నాడు. పైగా పొగిడాడు. అంత పెద్ద మనసు ఎవరికుంటుంది దీదీ, తండ్రి కట్టింది పిల్లల కోసం కొట్టెయ్యమన్నాడు, అని. చేపల బుట్ట అక్కడే వదిలేసి ఇంటికొచ్చేశాను.

అన్నయ్య మరమ్మతు అనకపోతే పోనీ. చెప్పలేక ఊరుకున్నాడంటే అర్థం చేసుకుంటాను. కానీ అందరి ముందు, మైకులో, "తోడో" అన్నాడా? ఆ మాట ఎలా వచ్చింది ఆ నోటికి? నాన్న గేలరీ కడుతుంటే సుత్తి అందించిన వాడు. నాకు ఒక్క ముక్క చెప్పకుండా అన్నాడు. నువ్వు పక్కనే ఉండి, నాకు బఠాణీల గురించి రాశావు.

నేను ఆ ఇంటి ఆడపిల్లనే గాని పరాయిదాన్ని కాదనుకున్నాను. కోపం కంటే బాధ ఎక్కువగా ఉంది, అందుకే ఇంతకంటే రాయలేను.

రాజకుమారి

---

బాంబూఫ్లాట్,
అక్టోబరు 10

రాజీ,

నీకు అబద్ధం రాయలేదు. నిజం కూడా రాయలేదు. ఇప్పుడు రాస్తాను, కూచుని చదువు.

మీ అన్నయ్య "తోడో" అనలేదు.

ఆఫీసర్లకి తెలుగు రాదు. మీ అన్నయ్య హిందీ మాట్లాడగలడు గాని ఆ రోజు నోటికి హిందీ రాలేదు, తెలుగులోనే మొదలెట్టాడు. సుభాష్ మైకు పట్టుకుని పక్కన నిలబడి ఒక్కో మాటా హిందీలో చెబుతున్నాడు. మీ అన్నయ్య అన్నది ఇది, అక్షరం పొల్లు పోకుండా రాస్తున్నాను. "అది మా నాన్న కట్టింది. ఆడపిల్లలకి ఈ టర్ఫేదో కావాల. గేలరీకి తోడు కొత్తది కట్టండర్రా."

గేలరీకి తోడు. అంటే గేలరీ ఉండనిచ్చి, దాంతో పాటు కొత్తది. రెండూ కుదరవని ఆఫీసర్లు ఎప్పుడో చెప్పారు. అయినా ఎటూ చెప్పలేక రెండూ అడిగాడు పాపం.

సుభాష్ తెలుగు నీకు తెలుసుగా. తల్లి తెలుగులో తిడితే హిందీలో జవాబిస్తాడు. "తోడు" అంటే వెంట ఉండటమని వాడికి ఎవరూ చెప్పినట్టు లేదు. వాడికి తెలిసిన తోడు ఒక్కటే, విరగ్గొట్టడం. మన "కి" వాడి చెవికి "కో" అయింది. మైకు ఎత్తి, "చాచాజీ కహ్ రహే హై, గేలరీ కో తోడో, నయా బనావో," అని గ్రౌండు దద్దరిల్లేలా చెప్పాడు. తప్పు చెప్పానన్న అనుమానం కూడా లేదు వాడికి. కళ్ళలో నీళ్ళు పెట్టుకుని మీ అన్నయ్య కాళ్ళకి దణ్ణం పెట్టాడు.

నాకు రెండు మాటలూ వినిపించాయి. తెలుగు మాటా, హిందీ మాటా. ఆడవాళ్ళ వరసలోంచి లేచి, "ఒరే, తోడో కాదురా" అనబోయాను. పక్కన బేబీరాణి కట్టు కాలు చాపుకుని చప్పట్లు కొడుతోంది. దుర్గ వాళ్ళు ఒకరినొకరు పట్టుకుని ఎగురుతున్నారు. నేను లేవలేదు. కాళ్ళు రాక కాదు రాజీ, నాకు లేవాలనిపించలేదు. అప్పటిదాకా నేను ఎటున్నానో నాకే తెలియదు, ఆ క్షణంలో తెలిసింది. నువ్వు తిడితే పడతాను.

మీ అన్నయ్యకి ఏం వినిపించిందో గాని, చప్పట్లు చూసి చేతులు జోడించాడు. ఇంటికొచ్చి, "అందరూ ఒప్పుకున్నారే," అన్నాడు. నేను అన్నం వడ్డించాను. రేపు కూల్చే యంత్రం వచ్చి గేలరీ మీద పడితే ఆయన ఏమవుతాడో అని నాకు రోజూ భయమే. చెప్పలేకపోతున్నాను.

సుందరి

---

క్యాంప్‌బెల్ బే,
అక్టోబరు 30

వదినా,

నిజం చెప్పనా, ముందు నవ్వొచ్చింది. బళ్ళో స్టాఫ్‌రూములో ఒక్కదాన్నే నవ్వుతుంటే పక్క టీచరు భయపడింది. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టు, ముసలాయన తోడు అంటే ఊరంతా లేచి తోడో అందన్నమాట. మన భాషకి ఇక్కడ పట్టిన గతి చూడు. సొంత మాటే తిరిగొచ్చి సొంత ఇల్లు కూలుస్తోంది.

తర్వాత కోపం వచ్చింది. సుభాష్ మీద కాదు, వాడు పసివాడు. నీ మీద. ఒక్క మాట అంటే సరిపోయేది. దుర్గ సంతోషం నాకూ కావాలి వదినా. కానీ ఇది అన్నయ్య మాటని అన్నయ్య చెవుల ముందే మార్చేసి, ఆయనకి తెలియకుండా ఆయన చేత నాన్న గేలరీ కూల్పించడం. దుర్గకి తెలిస్తే అదైనా సంతోషిస్తుందా?

ఆయనకి చెప్పాలి. ఇంక దాచడానికి వీల్లేదు. నువ్వు చెప్పలేకపోతే ఈ ఉత్తరం చదివి వినిపించు. అన్నయ్యా, నువ్వు తోడు అన్నావు, వాళ్ళు తోడో అని విన్నారు. ఇంకా కూల్చలేదు కాబట్టి మించిపోయింది లేదు. వెళ్ళి చెప్పు. నువ్వు వెళ్ళకపోతే నేనే ఆఫీసర్లకి రాస్తాను.

రాజకుమారి

---

బాంబూఫ్లాట్,
నవంబరు 14

రాజీ,

చదివాను. తలుపులు వేసి, ఆయన మంచం మీద కూచుని చదివాను. అయినా పక్కింటి వాళ్ళకి వినబడే ఉంటుంది. "తోడో అని విన్నారు" అన్న చోట ఆగాను. ఆయన మొహం చూడలేక కాగితం వైపే చూస్తున్నాను.

"నాకు తెలుసే," అన్నాడు.

నేను తలెత్తాను.

"మైకు నా సెవి పక్కనే పెట్టాడు గదా ఆడు. దేవుడు సెవుడు నాకిచ్చాడు గాని మైక్కి ఇవ్వలేదు."

మరి అప్పుడే చెప్పలేదేమని అడిగాను. చెప్పాడు, ఆయన మాటల్లోనే రాస్తున్నాను. "ఆ పిల్ల వచ్చి ఏడిసిన కాడ్నించీ నాకు తెలుసు, తీసెయ్యాల్సిందే అని. ఆ మాట నోట్లో ఎట్టుకుని తిరిగాను. బయటికి రాలేదు. మా నాన్న కట్టిందాన్ని నా నోటితో ఎలగనను? అందుకే తోడు గీడు అని నంగిరి మాట ఒకటి అనేసాను. రెండూ అవ్వవని నాకు మాత్రం తెలీదేటి? ఆడు పొరపాటున సెప్పేసాడు. పోనీలే, ఎవడో ఒకడు అన్నాడు గదా అని దణ్ణం ఎట్టేసాను."

ఇన్ని రోజులూ ఆయనకి తెలియదని నేను, నాకు తెలియదని ఆయన, ఒకే కంచం దగ్గర కూచుని తిన్నాం. ఇద్దరం పిచ్చివాళ్ళలా చూసుకున్నాం. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకూ తిరిగాయి.

తర్వాత ఇలా రాయమన్నాడు. "రాజీకి రాయి. అదీ నాన్న కూతురే, దాన్ని అడగకుండా ఊరుకోడం నా తప్పే. అది వద్దంటే ఎల్లి, నానన్నది తోడో కాదు తోడు అని సెప్తాను. గేలరీ ఉంటాది, టర్ఫ్ పోతాది. దానిష్టం."

నేను నా మాట కలపను. ఇప్పటికే ఒకసారి నా ఇష్టం చూసుకున్నాను. క్రిస్మస్ లోపల యంత్రం వస్తుందంటున్నారు. ఓడ చూసుకుని జవాబు రాయి.

సుందరి

---

క్యాంప్‌బెల్ బే,
డిసెంబరు 4

వదినా, అన్నయ్యా,

ఇద్దరికీ కలిపి రాస్తున్నాను.

ఒక ఓడ వదిలేశాను. రాసింది చించేసి, రెండో ఓడకి ఇది రాస్తున్నాను. నాన్న ఉంటే ఏమనేవాడని ముందు ఆలోచించాను. రెండు రోజులయ్యాక అది దొంగ ప్రశ్న అని తెలిసింది. పోయిన వాళ్ళు మనకి కావాల్సిన జవాబే చెబుతారు. నాకు ఒకటి చెబుతాడు, వదినకి ఇంకొకటి చెబుతాడు. కాబట్టి ఆయన్ని వదిలేసి, నాకేం కావాలని నన్నే అడుక్కున్నాను. నాకు గేలరీ కావాలి. ఇప్పటికీ కావాలి. అది దాచను.

కానీ దుర్గ మాట చెవిలోంచి పోవడం లేదు. వాళ్ళు నవ్వారు తాతా, అన్నది. మన మీద ఈలలు వేసినప్పుడు నాన్న ఏ పని చేశాడో, ఈ పిల్లల మీద నవ్వినప్పుడు మనం ఆ పని చెయ్యాలి కదా. ఆ పనికి గేలరీయే అడ్డమైతే గేలరీని తియ్యాలి. ఇది రాయడం నాకు చాలా కష్టంగా ఉంది. అక్షరాలు చెదిరాయి, చూస్తున్నావుగా.

నేను అడ్డు చెప్పను. ఒక్క షరతు. పొరపాటు మాట మీద అది పడిపోకూడదు. నాన్న దాన్ని తెలిసి కట్టాడు, మనం తెలిసి తియ్యాలి. అన్నయ్యా, నువ్వు వెళ్ళి నీ నోటితో చెప్పు. సుభాష్ నోటితో కాదు. రేపు ఈ ఊరి పిల్లలు, చెవిటి ముసలాయన ఏదో అంటే ఇంకేదో విని గేలరీ కూల్చేశారట అని నవ్వుకుంటే నేను ఓర్చుకోలేను. పెదబాబు కొడుకు తాతబ్బాయి తీసెయ్యమన్నాడు, అందుకే తీశాం అనాలి వాళ్ళు.

నువ్వు అనలేకపోతే సరే. అప్పుడు గేలరీ ఉండనీ, టర్ఫ్ పోనీ. అనలేని పని చెయ్యకూడదు.

రాజీ

---

బాంబూఫ్లాట్,
డిసెంబరు 22

రాజీ,

నీ ఉత్తరం విన్నాక మీ అన్నయ్య రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నేను అడగలేదు. ఇంక అనలేడు, టర్ఫ్ పోయినట్టే అనుకున్నాను.

ఆదివారం పొద్దున యంత్రం వచ్చింది. గ్రౌండు చుట్టూ జనం. మీ అన్నయ్య స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, "పద," అన్నాడు. వెళ్ళి మైకు అడిగాడు. సుభాష్ పరిగెత్తుకొచ్చి పక్కన నిలబడబోతే, "నువ్వు కూకోరా నాయనా. నీ హిందీ సాలు," అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

మైకు రెండు చేతుల్తో పట్టుకున్నాడు. "ఆ రోజు నేనన్నది తోడు. మీరు విన్నది తోడో. తప్పు ఈ కుర్రోడిది కాదు, నాది. బయపడి తిన్నగా మాట్లాడలేదు. ఇవాళ తిన్నగా సెప్తున్నాను. గేలరీ తీసెయ్యండి. ఇది నా మాట. మా సెల్లి రాజకుమారి మాట." అదే హిందీలోనూ చెప్పాడు, ఆఫీసరు వైపు తిరిగి.

సుభాష్ మొహం పాలిపోయింది. యంత్రం డ్రైవరు ఇంజను తిప్పాడు. మీ అన్నయ్య చెయ్యెత్తి ఆపాడు.

"తోడో నహీ," అన్నాడు. "ఖోలో. మా నాన్న ఇందులో ఇనప మేకు ఒక్కటి కొట్టలేదు, ఉప్పుగాలికి తుప్పడతాదని. అన్నీ కర్ర చీలలే. బిగించిందాన్ని ఇప్పండి. ఇరగ్గొట్టకండి."

యంత్రాన్ని వెనక్కి పంపించేశారు. ఆ రోజూ మర్నాడూ అందరం విప్పాం. మొదటి చీల మీ అన్నయ్య సుత్తితో తట్టాడు. కదల్లేదు. మళ్ళీ తట్టాడు. సుభాష్ వచ్చి పలక కింద భుజం పెట్టి ఎత్తిపట్టుకుంటే అప్పుడు ఊడింది. తల్లుల వరస నేనూ బేబీరాణీ విప్పాం. చెద పట్టినవి పోగా మిగిలిన పలకలు ఎవరికి కావాలంటే వాళ్ళు పట్టుకెళ్ళారు. ఒకరు బోటుకి, ఒకరు కోళ్ళ గూటికి. మీ అన్నయ్య ఒక్కటీ ఇంటికి తేలేదు. నీకోసం ఒకటి ఉంచనా అని అడిగాను. "దానికి నాన్న కావాల గాని సెక్కెందుకు," అన్నాడు. నీకు కావాలంటే చెప్పు, బోటుకి వేయకముందే తెప్పిస్తాను.

రెండో రోజు సాయంత్రం పిల్లలు ప్రాక్టీసు మానలేదు. ఈయన ఎప్పటిలాగే బయల్దేరాడు. గ్రౌండు దాకా వెళ్ళి ఆగిపోయాడు. ఎక్కడ కూచోవాలో తెలియలేదు ఆయనకి. దుర్గ చూసి, ఎవరింట్లోంచో ప్లాస్టిక్ కుర్చీ పట్టుకొచ్చి వేసింది. కూచోలేదు. స్తంభాలు తీసిన గుంటలు ఇంకా పూడ్చలేదు, వాటి మధ్యన నిలబడి, బంతి కనిపించనంత చీకటి పడేదాకా చూశాడు. నేను పక్కన నిలబడ్డాను.

సుందరి